సొంత ఊళ్లో లెక్కలు రాసుకుని బతకొచ్చా? చీరాల నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇదీ: వయసు 27. బి.కాం అయ్యాక సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపు గట్టెక్కారు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్‌లో 34 వేల జీతం. వేటపాలెం పక్క పల్లెలో నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టారు, అమ్మగారు ఒక్కరే చూసుకుంటున్నారు. ఉద్యోగం వదిలి చీరాలలో ఒక గది తీసుకుని జీఎస్‌టీ, ఇన్‌కంటాక్స్ పనులు చేసుకుంటే బతకగలనా, చిన్న ఊళ్లో అకౌంటెంట్ జీవితం ఎలా ఉంటుంది అని.

బతకగలరు. ఇల్లూ చూసుకోగలరు. మొదటి రెండేళ్లు ఇప్పటి జీతంలో సగం కూడా చేతికి రాకపోవచ్చు. మూడో ఏడు నుంచి కుదురుకుంటారు, ఐదో ఏటికి ఇప్పుడొచ్చేది దాటుతారు. నాకు అలాగే అయింది. నా దగ్గర పని నేర్చుకుని బయటికెళ్లి సొంతంగా పెట్టుకున్న ముగ్గురికీ ఇంచుమించు అంతే పట్టింది. అయితే హైదరాబాద్‌లో మీ ముందుకొచ్చేవి అంకెలు. ఇక్కడ వచ్చేవాడు బిల్లుల సంచితో పాటు ఇంటి గుట్టు కూడా తెచ్చి మీ బల్ల మీద పెడతాడు. అది మోయగలనా అని ముందు మిమ్మల్ని మీరు అడుక్కోండి. ఆదాయం సంగతి ఆ తర్వాత.

నా గురించి రెండు ముక్కలు. నేను సీఏని కాను. మా ఊళ్లో లెక్కలు రాసే ప్రతివాణ్నీ "ఆడిటర్ గారూ" అనే పిలుస్తారు, ఆ పిలుపుకి మురిసిపోవద్దు. 1997లో బి.కాం అయ్యాక ఒక ఆడిటర్ గారి దగ్గర ఏడేళ్లు అసిస్టెంటుగా చేసి, 2004లో బట్టల మార్కెట్ దగ్గర మేడమీద గది తీసుకున్నాను. పరీక్షలకి చదువుకున్నది మీ వేటపాలెంలోనే, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో. మా నాన్న ఒక బట్టల కొట్లో గుమాస్తా. సిరా కలంతో చిట్టా, ఆవర్జా రాసిన మనిషి. రోజు పద్దులన్నీ చిట్టాలో, మనిషి మనిషికీ విడిగా ఖాతా ఆవర్జాలో. నిలవ ఒక్క రూపాయి తేలకపోయినా అన్నానికి లేచేవాడు కాదు. దీపావళికి కొత్త పుస్తకాలకి పసుపు కుంకుమ పెట్టి, మొదటి పేజీలో "శ్రీ" రాసి లెక్క మొదలుపెట్టేవారు. 1989లో అందరికీ మార్చి 31తోనే లెక్కల సంవత్సరం ముగియాలని చట్టం వచ్చింది. అప్పట్నుంచి సర్కారుకి మార్చి లెక్క, లక్ష్మీదేవికి దీపావళి లెక్క. మా మార్కెట్లో ఇప్పటికీ అంతే.

ఈ పనికి అర్హత ఏం కావాలంటే, బి.కాం ఉంది కాబట్టి జీఎస్‌టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకోవచ్చు. పరీక్ష పెట్టేది నాసిన్ అనే కేంద్ర సంస్థ. దాని కొత్త ఆవరణ మన రాష్ట్రంలోనే, శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో 2024 జనవరిలో మొదలైంది. పరీక్ష మాత్రం ఆన్‌లైన్ కేంద్రాల్లో రాస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులు సిద్ధం చేయడానికి మీ చదువు చాలు. ఆడిట్ పడే ఖాతాలకి సీఏ గారి సంతకం తప్పదు. అందుకని ఊళ్లో ఒక మంచి సీఏ గారితో మొదటి రోజు నుంచే సఖ్యంగా ఉండండి, ఆయన ఖాతాల జోలికి పోకండి. మీ సీఏ ఇంటర్ రెండో గ్రూపు మాత్రం వదలొద్దు. నేను వదిలేశాను, నలభై ఏళ్లు దాటాక చాలా బాధపడ్డాను.

పని ఏమిటో మీకు తెలుసు గానీ ఊరిది వేరే లయ. నెలనెలా 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బి (లెక్క తేల్చి పన్ను కట్టే రిటర్ను). అయిదు కోట్ల లోపు టర్నోవరు వాళ్లు మూడు నెలలకోసారి వేసుకునే పద్ధతి పెట్టుకుంటే మీకూ వాళ్లకీ ఊపిరి ఆడుతుంది, పన్ను మాత్రం నెలనెలా కట్టించండి. కోటిన్నర లోపున్న కిరాణా, ఫ్యాన్సీ కొట్లవాళ్లకి కాంపోజిషన్ అనే సులువు పద్ధతి నప్పుతుంది, అమ్మకం మీద ఒక శాతం కట్టి ఊరుకుంటారు. కానీ పక్క రాష్ట్రానికి సరుకు అమ్మేవాడికి అది కుదరదు. మన దగ్గర చీరలు చెన్నైకీ బెంగళూరుకీ వెళ్తాయి. చేరేముందు ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే తర్వాత మీరే ఇరుక్కుంటారు.

చీరాలలో పని చేయాలంటే బట్ట సంగతి తెలియాలి. ఇక్కడ బట్టల మీద అమ్మకపు పన్ను అలవాటు పెద్దగా లేదు. మధ్యలో వ్యాట్ వేస్తే వ్యాపారులు గొడవపడి తీయించుకున్నారు. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చి ఒక్కసారిగా 5 శాతం పడేసరికి, మూడు తరాలుగా తెల్ల కాగితం బిల్లు మీద అమ్మినవాళ్లు నా గది మెట్ల మీద కూర్చున్నారు. అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ. హెచ్ఎస్ఎన్ కోడ్ (సరుకు రకాన్ని గుర్తించే నంబరు) అంటే ఏమిటో చెప్పడానికే మొదటి నెల సరిపోయింది. 1921లో పురపాలక సంఘం పన్నులు మోయలేక దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఇళ్లు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకున్న ఊరు ఇది. ఇక్కడ పన్ను కట్టమంటే "ఎందుకు కట్టాలి, ఎలా లెక్కేశావు" అని అడుగుతారు. విసుక్కోకండి. ఓపిగ్గా కాగితం మీద వేసి చూపించండి. అలా చూపించినవాడి దగ్గరే ఇరవై ఏళ్లు ఉంటారు.

నేర్చుకోవడం కూడా ఆగదు. 2025 సెప్టెంబరు 22న రెడీమేడ్ రేట్లు మారాయి. అంతకుముందు ముక్క వెయ్యి లోపైతే 5 శాతం, దాటితే 12. ఇప్పుడు 2,500 వరకూ 5, దాటితే 18. దసరా నవరాత్రుల మొదటి రోజు, కొట్లు కిటకిటలాడే రోజు. ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా కొట్టు కొట్టుకీ తిరిగి టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) రేట్లు మార్పించాను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం. సెక్షన్ నంబర్లు బట్టీ పట్టిన మా తరం మళ్లీ పలక పట్టాల్సిందే. మీకు ఒక రకంగా ఇది మంచి సమయం, పాతవాళ్లూ మీరూ ఒకే గీత మీద నిలబడి మొదలుపెడతారు.

ఇక డబ్బు. నేను చిన్న కొట్టుకి నెలకి 600 నుంచి 1,500 వరకూ తీసుకుంటాను, మామూలు జీతగాడి రిటర్నుకి 700. మీరు కొత్తవాళ్లు కాబట్టి తక్కువకి చేద్దామనిపిస్తుంది. కాస్త తక్కువకి చేయండి గానీ ఊరికే చేయొద్దు. ఫీజు ఎంతో పని మొదలుపెట్టే రోజే చెప్పండి. చెప్పకపోతే మామిడికాయల బుట్ట, పండక్కి పంచె, "మన కుర్రాడే కదా" అన్న మాట, ఇవే వస్తాయి. నేనొక గీత గీసుకున్నాను: సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల దగ్గర తీసుకోను. బాబాయిలు, పెదనాన్నలు, వేలువిడిచిన మేనమామలు అందరూ ఇవ్వాల్సిందే. మొదట ముఖాలు మాడ్చుకున్నారు, ఇప్పుడు వాళ్లే మిగతావాళ్లని పంపిస్తున్నారు.

ఫీజు తీసుకోని వర్గం ఒకటుంది. ఆదివారం పొద్దున జాండ్రపేట, ఈపూరుపాలెం వైపు నుంచి నేత కార్మికులు వస్తారు. పాన్‌లో పేరు తప్పు, ఆధార్‌తో కలవలేదు, బ్యాంకులో పొదుపు సంఘం లెక్క తేలలేదు, ఇలాంటివి. వాళ్ల దగ్గర పైసా తీసుకోను. ఒక సంగతి మీకు గట్టిగా చెప్పాలి. నేతవాడికి చిన్న లోను కావాలంటే ఎవడో ఏజెంటు "నాలుగైదు లక్షల ఆదాయం చూపించి రిటర్ను వేయించు, లోను వస్తుంది" అంటాడు. లోను వస్తే వస్తుంది. తర్వాత ఆ ఇల్లు పన్ను కట్టేవాళ్ల జాబితాలో పడి ముసలమ్మ పెన్షన్ ఆగిపోయిన సందర్భాలు నేను చూశాను. ఒక ఇంట్లో అది మళ్లీ రావడానికి ఏడాది పైన తిరిగాం. లేని ఆదాయం చూపించే రిటర్ను ఎవరడిగినా వేయొద్దు. అలాగే రీఫండ్ ఎక్కువ తెప్పిస్తామని, వచ్చిన దాంట్లో వాటా తీసుకునేవాళ్లుంటారు. ఇంటద్దె లేనివాడికి అద్దె రసీదులు, చందా ఇవ్వనివాడికి చందాలు. వాళ్ల దారిన వాళ్లని పోనివ్వండి. మూడేళ్ల తర్వాత నోటీసు వచ్చినప్పుడు అలా రీఫండ్ తీసుకున్న మాస్టారు గారు మీ ఇంటి ముందు నిలబడతారు, ఏజెంటు ఫోను ఎత్తడు.

మాస్టర్ వీవర్ల (నూలిచ్చి నేతవాళ్లతో నేయించే వ్యాపారుల) ఖాతాలు వస్తే మజూరీ (నేత కూలి) పుస్తకం మీరే దగ్గరుండి పెట్టించండి. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే అది ఖర్చుగా ఒప్పుకోరు. పండగ ముందు అడ్వాన్సులన్నీ కలిపి ఒకేసారి చేతిలో పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. అలాగే 20,000, ఆపైన చేబదులు నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. మార్కెట్లో రోజూ జరిగే పనే ఇది. పట్టుబడేదాకా నేరమని ఎవరికీ తెలియదు. చెప్పాల్సింది మనమే.

మూడు విషయాల్లో మాత్రం మొహమాటపడొద్దు.

మొదటిది, ఖాతాదారుడి పన్ను డబ్బు మీ చేతిలోకి రానివ్వొద్దు. "ఆడిటర్ గారూ, ఈ 18 వేలు ఉంచండి, మీరే కట్టేయండి" అంటారు, నమ్మకం కొద్దీ అంటారు. చలానా తీసి ఇవ్వండి, ఆయన బ్యాంకు నుంచే వెళ్లాలి. తెలివితక్కువవాడేం కాడు, చాలా మంచివాడొకాయన ఇలా అందరి డబ్బూ తీసుకుని, ఇంట్లో ఆపద వచ్చి ఒక నెల వాడుకుని, మళ్లీ పూడ్చలేక ఊరొదిలి వెళ్లిపోయాడు. ఆయన పేరు చెప్పను. ఆయన్ని తలుచుకోకుండా నాకు 20వ తారీఖు గడవదు.

రెండోది, పోర్టల్లో ఫోన్ నంబరూ మెయిలూ ఖాతాదారుడివే పెట్టండి. ఓటీపీ కోసం రోజుకి పదిసార్లు ఫోన్ చేయాల్సొస్తుంది, నిజమే, ప్రాణం విసిగిపోతుంది. అందుకే చాలామంది తమ నంబరే పెట్టేస్తారు. అప్పుడు నోటీసు వచ్చినా వ్యాపారికి తెలియదు, వేరే చోటికి మారాలన్నా మారలేడు. అతని గుమ్మం తాళం మీ జేబులో ఉండకూడదు.

మూడోది, నోరు. ఎవరికెంత బాకీ ఉందో, ఎవరి కొడుకు దగ్గర డబ్బు పోయిందో, ఏ అన్న తమ్ముడికి వాటా చూపించలేదో మీకు తెలుస్తుంది. వాళ్లే పెళ్లిళ్లలో మీ పక్క పంక్తిలో కూర్చుంటారు. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి తరఫువాళ్లు వచ్చి "కొట్టు ఎలా నడుస్తోందండీ" అని అడుగుతారు. నేను ఎప్పుడూ ఒకటే మాట అంటాను: "వాళ్లనే అడగండి, పుస్తకాలు చూపించమనండి, వాళ్లు చూపించమంటే నేనొచ్చి చూపిస్తాను." మా ఇంటావిడకి కూడా ఏ ఖాతా సంగతీ తెలియదు. పెళ్లైన కొత్తలో చిన్నబుచ్చుకుంది. ఇప్పుడు ఎవరైనా కూపీ లాగబోతే తనే అడ్డం పడుతుంది.

నేను చేసిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. 2017-18లో, ఆ హడావుడిలో, ఒక కొట్టుకి సూరత్ నుంచి వచ్చిన సరుకు మీద ఐజీఎస్‌టీ (పక్క రాష్ట్రపు సరుకు మీద పడే పన్ను) క్రెడిట్‌ని, అంటే కొన్నప్పుడు కట్టి తర్వాత సర్దుకునే పన్నుని, సొంత రాష్ట్రపు సరుకుకి వాడే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ గళ్లలో సగం సగం వేసేశాను. పన్ను ఎగ్గొట్టింది లేదు, గడి మారిందంతే. ఆ ఏడాది లెక్కల మీద పన్ను శాఖ ఆర్డర్లు వేయడానికి గడువు 2023 డిసెంబరు 31. గడువు దగ్గరపడే కొద్దీ నోటీసులు కుప్పలుగా వచ్చాయి, అందులో ఇదీ ఉంది. ఆ వ్యాపారి నా ముందు కాగితం పెట్టి ఏమీ అనలేదు. నేనే చెప్పాను, ఇది మీ తప్పు కాదు, నాది, దీనికయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను అని. జవాబు రాసి, సూరత్ బిల్లులన్నీ తెప్పించి, వినేదాకా తిరిగి తేల్చాను. ఆయన ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాడు. తప్పు దాచి ఉంటే ఆ ఒక్క ఖాతాతో ఆగేది కాదు, మార్కెట్ మొత్తం పోయేది.

మీరు "జీవితం ఎలా ఉంటుంది" అని అడిగారు కాబట్టి ఒక ఇంటి సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. బట్టల కొట్టు ఆయన, నలభై ఆరేళ్లు, తెల్లవారుజామున గుండెపోటు. ఇద్దరు ఆడపిల్లలు. భార్య కొట్టు గడప తొక్కిన మనిషి కాదు. పెద్దకర్మ రోజుకి అరుగు మీద బాకీలవాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరు నిజంగా రావాల్సినవాళ్లు, కొందరు ఈ గొడవలో ఏదైనా వస్తుందేమోనని వచ్చినవాళ్లు. తొమ్మిదేళ్లుగా ఆ కొట్టు లెక్క నాది. ఆవిడ అన్నయ్య నాకు కబురు పెట్టాడు. టాలీలోంచి కాగితాలు తీసుకుని వెళ్లి, ఆ అరుగు మీదే కూర్చుని, పేరు పేరునా చదివాను. రావాల్సింది 31 లక్షలు, ఇవ్వాల్సింది 22. "పుస్తకంలో ఉన్నది నెలనెలా ఇస్తారు. పుస్తకంలో లేనిదైతే ప్రోనోటు చూపించండి, తేదీ, సంతకం చూస్తాం" అన్నాను. నలుగురు లేచి వెళ్లిపోయారు. ఒకాయన నిజమైన నోటే చూపించాడు, దానికీ గడువు పెట్టాం.

తర్వాత పని చాలా ఉంది. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఇన్‌కంటాక్స్ పోర్టల్లో భార్యని వారసురాలిగా నమోదు చేసి, ఆయన పోయిన తేదీ వరకూ రిటర్ను. జీఎస్‌టీలో ఆవిడ పేరు మీద కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని, యజమాని మరణం అని కారణం చూపించి, పాత నంబరులో మిగిలిన క్రెడిట్‌ని ఐటీసీ-02 ఫారంతో దానికి మార్చి, ఆ తర్వాతే పాతది రద్దు. ఈ వరస తప్పితే క్రెడిట్ పోతుంది. ముందు రద్దు చేసేసి ఏడ్చినవాళ్లని చూశాను. బీమా పాలసీ పెళ్లికి ముందు తీసుకున్నది, నామినీ తల్లి. 2015లో వచ్చిన సవరణ తర్వాత తల్లిదండ్రులో భార్యాపిల్లలో నామినీగా ఉంటే ఆ డబ్బు మీద హక్కు వాళ్లకే అని చట్టంలో రాశారు. బీమా డబ్బు చేతికొచ్చేది తల్లికే, భార్యకి కాదు. ఆ పెద్దావిడ నన్ను పిలిచి, "నాకెందుకయ్యా, మనవరాళ్ల పేర వేయించు" అంది. అందరి ఇళ్లలోనూ అలాంటి పెద్దావిడ ఉండదు. అప్పట్నుంచి నా దగ్గరికి రిటర్నుకి వచ్చే ప్రతి పెళ్లైన మనిషినీ అడుగుతాను, నామినీ ఎవరు, ఎప్పుడు మార్చావు అని. ఆ ఏడాది ఆ ఇంటి దగ్గర ఫీజు తీసుకోలేదు. ఇప్పుడు పెద్దమ్మాయి బి.కాం చదువుతూ కొట్లో టాలీ తనే చూసుకుంటోంది.

ఊరి పనులు కూడా మీ మెడకి చుట్టుకుంటాయి. లెక్కలొచ్చినవాడు కనబడితే రామాలయం కమిటీ, కాలనీ సంఘం, స్కూలు పూర్వ విద్యార్థులు, అందరూ కోశాధికారిగా ఉండమంటారు. ఉండండి, సంతోషంగా ఉండండి, దానికి మించిన తృప్తి ఇంకోటి నాకు తెలియదు. కానీ డబ్బు పట్టుకునే మనిషీ లెక్క తనిఖీ చేసే మనిషీ ఒకరే కాకూడదు. మా వీధి రామాలయానికి పదిహేనేళ్లుగా నేను లెక్క చూస్తాను, పెట్టె తాళం మాత్రం వేరే ఇద్దరి దగ్గర ఉంటుంది. చందా రసీదు పుస్తకాలకి వరస నంబర్లు వేయించాను, వాడని పుస్తకం కూడా వెనక్కి రావాలి. శ్రీరామనవమి కల్యాణం అయిన మూడో రోజున జమాఖర్చులు చార్టు మీద రాసి ధ్వజస్తంభం పక్కన పెడతాం. పానకం బెల్లం ఎంత, పందిరి కర్రల బాడుగ ఎంత, అన్నదానం బియ్యం ఎన్ని బస్తాలు, అన్నీ. మొదటి ఏడాది ఒకరిద్దరు పెద్దలు "మమ్మల్ని అనుమానిస్తున్నావా" అన్నారు. రెండో ఏడాది చందాలు పెరిగాయి. మూడో ఏడాది వాళ్లే చార్టు తెచ్చారు.

హామీ సంతకాలు మాత్రం పెట్టొద్దు. మీ సంతకానికి ఊళ్లో విలువ వస్తుంది, దాంతో బ్యాంకు లోన్లకీ చీటీలకీ జామీను అడుగుతారు. నేను రెండు పెట్టాను, ఒకటి నేనే కట్టాను.

ఇప్పుడు మీ అసలు సంగతికి వస్తాను, నాన్నగారు. ఇంటికి దగ్గరగా ఉంటే ఇంటిని చూసుకున్నట్టే అనుకుంటాం. అలా అనుకుని నేను దెబ్బతిన్నాను. 2017 దీపావళి అక్టోబరులో 3బి గడువుకి ఒకట్రెండు రోజుల ముందు వచ్చింది. పోర్టల్ తెరుచుకోదు, తెరుచుకుంటే నిలవదు. పండగ రాత్రి గదిలోనే ఉన్నాను. మా నాన్న రిటైరైనా కొత్త చిట్టాకి పూజ చేసి, నేనొచ్చి "శ్రీ" రాయాలని పదకొండింటి దాకా మెలకువగా కూర్చున్నాడట. నేను వెళ్లేసరికి నిద్రపోయాడు, పుస్తకం పీట మీద తెరిచే ఉంది. గడువు దాటినవాళ్లకి పడిన ఆలస్య రుసుము నాలుగు రోజులకే, అక్టోబరు 24న, మాఫీ చేశారు. మా నాన్నకి అదే ఆఖరి దీపావళి. 2018 వేసవిలో పోయాడు.

పోయాక ఆయన పెట్టె తెరిస్తే బ్యాంకు ఖాతాకి నామినీ లేదు. డిపాజిట్ ఆయన ఒక్కడి పేరే. ఇంటి పన్ను ఇంకా మా తాతయ్య పేరు మీదే కడుతున్నాం. ఊరందరి కాగితాలూ సరిచేసినవాడి ఇంట్లో సంగతి ఇది. మా అమ్మ ఆ డబ్బు కోసం ఏడు నెలలు ఆగింది. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి రెండు. 18వ తారీఖు తర్వాత బిల్లులు తెచ్చేవాళ్లకి, ఆలస్య రుసుము పడితే మీరే కట్టుకోవాలి అని ముందే చెప్పేస్తున్నాను. రోజుకి 50, ఏమీ అమ్మకం లేని రిటర్నుకి 20. ఇద్దరు ముగ్గురు కట్టాక అందరూ 15కే తెస్తున్నారు. రెండోది, రాత్రి ఎనిమిది తర్వాత గది తెరిచి ఉండదు, గడువులు ముంచుకొచ్చే సెప్టెంబరు ఆఖరులో అయినా సరే. ఖాతాలు నాలుగు తగ్గాయి. మా అమ్మ పక్కన కూర్చుని భోంచేస్తున్నాను.

మీరు రావాలనుకుంటే జనవరి, ఫిబ్రవరిలో వచ్చి ముందు కొట్లవాళ్లని కలవండి. కాంపోజిషన్‌లో చేరేవాళ్లు మార్చి 31 లోపే చెప్పాలి, మారాలనుకునేవాళ్లు కూడా కొత్త లెక్కల ఏడాదితోనే మారతారు. ఏడాది ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని రండి. ఆరు నెలలు ఎవరి దగ్గరైనా కూర్చుని మన మార్కెట్ పద్ధతి నేర్చుకుంటానంటే నా గదిలో ఒక బల్ల ఖాళీగా ఉంది. పదివేలు ఇవ్వగలను, సాయంత్రం ఆరింటికి ఇంటికి పంపిస్తాను.

ఆ లోపు ఒక పని చేయండి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నగారి బ్యాంకు పుస్తకాలు, పాలసీలు, పాన్, పట్టాదారు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టి పైన ఆయన పేరు రాయండి. ప్రతి దానికీ నామినీ ఉన్నారో లేదో చూడండి. ఆయన చెయ్యి సంతకానికి రాకపోయినా ఫరవాలేదు. వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, అంతే. మంచం మీద ఉన్నవాళ్ల కోసం బ్యాంకువాళ్లని ఇంటికి రమ్మని కూడా అడగొచ్చు. బ్రాంచి మేనేజరుకి కాగితం రాసి ఇవ్వండి. ఆ కాగితం ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, రాసి పెడతాను.